బత్తాయి తొక్క, మామిడి సొన, కాకరకాయ చేదు: హాప్స్ బీరుకు మార్కులు వేసే పద్ధతి

మిర్యాలగూడ నుంచి ఒక మిత్రుడు అడిగిన ప్రశ్న ఇది. ఆయన హైదరాబాద్‌లోని ఒక మైక్రోబ్రూవరీలో (బీరును అక్కడికక్కడే తయారుచేసి వడ్డించే చోటు) స్నేహితులతో కలిసి హేజీ ఐపీఏ, అంటే మసకగా కనిపించే ఇండియా పేల్ ఏల్ అనే బీరు తాగారు. మెనూ కార్డులో గ్రేప్‌ఫ్రూట్, ప్యాషన్‌ఫ్రూట్, మామిడి అని రాసి ఉంది. వాసన బాగానే ఉన్నా, నోట్లో పోసుకుంటే కాకరకాయ రసంలా అనిపించిందని, గొంతులో గీరుకున్నట్టయిందని, అందుకే పదికి నాలుగు మార్కులు వేశానని, పక్కన కూర్చున్న స్నేహితుడు మాత్రం అదే బీరుకు తొమ్మిది వేసి తనకు రుచి తెలియదన్నాడని రాశారు. అడిగినవి మూడు: అందులో నిజంగా పండ్లు వేస్తారా, ఆ చేదు లోపమా లేక ఉండవలసిన గుణమా, ఇలాంటి బీరును సరిగా రుచి చూసి మార్కులు వేయడం ఎలా.

ముందుగా నా గురించి రెండు మాటలు చెప్పాలి. రుచి గురించి మాట్లాడేవాడి నాలుక ఎక్కడ పెరిగిందో చదివేవారికి తెలిసి ఉండటం మంచిది. నాది నల్లగొండ జిల్లాలో హాలియా దగ్గరి పల్లె. మాకు బత్తాయి తోట ఉండేది, ఊరి చివర తాటివనం ఉండేది. చదువు అయ్యాక పదకొండేళ్లు బీరు తయారీలో పనిచేశాను. అందులో ఏడేళ్లు నాణ్యత పరీక్షించే విభాగంలో, రోజూ ఉదయం పదకొండు గంటల ప్రాంతంలో, భోజనానికి ముందు, నాలుగైదు నమూనాలను వాసన చూసి, రుచి చూసి, గమనించినది కాగితం మీద రాయడమే నా ఉద్యోగం. అక్కడ మొట్టమొదట నేర్పించినది ఒకటే. ఈ బీరు నాకు ఇష్టమా అన్న ప్రశ్ననూ, ఈ బీరు తన రకానికి తగినట్టుగా ఉందా అన్న ప్రశ్ననూ వేర్వేరు గళ్లలో రాయాలి. మీ నాలుగుకూ మీ స్నేహితుడి తొమ్మిదికీ మధ్య వచ్చిన తగాదా అంతా ఈ రెండు గళ్లూ కలిసిపోవడం వల్ల వచ్చినదేనని నా అభిప్రాయం.

పండ్ల సంగతి ముందు చూద్దాం. పండ్ల గుజ్జు కలిపి చేసే బీర్లు వేరే ఉన్నాయి, వాటి మీద ఆ మాట స్పష్టంగా రాస్తారు. మీరు తాగిన హేజీ ఐపీఏలో సాధారణంగా పండు ఉండదు. ఆ వాసన హాప్స్ నుంచి వస్తుంది. హాప్స్ అంటే గంజాయి కుటుంబానికి చెందిన ఒక తీగకు కాసే చిన్న ఆకుపచ్చ పూగుత్తులు (వీటిలో మత్తు గుణం లేదు). వేసవిలో పగటి పొద్దు చాలా ఎక్కువగా ఉండే చల్లని ప్రాంతాల్లోనే అవి బాగా కాస్తాయి కనుక అమెరికా, జర్మనీ, న్యూజిలాండ్ వంటి దేశాల నుంచి తెప్పించుకోవాలి. ఆ పువ్వు రేకులను విప్పి చూస్తే అడుగున పసుపు పుప్పొడిలాంటి పదార్థం కనిపిస్తుంది, దానిని లుపులిన్ అంటారు. చేదును ఇచ్చే ఆల్ఫా ఆమ్లాలూ, వాసనను ఇచ్చే నూనెలూ రెండూ అందులోనే ఉంటాయి. గంటసేపు మరిగిస్తే ఆల్ఫా ఆమ్లాలు రూపం మార్చుకుని చేదుగా కరుగుతాయి, నూనెలు మాత్రం ఆవిరితో పోతాయి. అందువల్ల చేదు కోసం హాప్స్‌ను మరుగు మొదట్లో వేస్తారు, వాసన కోసం మరుగు చివరలో వేస్తారు, ఇంకా వాసన కావాలంటే చల్లారిన తరువాత, పులియబెట్టే ఈస్ట్ పనిచేస్తున్న ట్యాంకులోనే వేస్తారు. ఈ చివరి పనినే డ్రై హాపింగ్ అంటారు. హేజీ ఐపీఏలకు లీటరుకు పది గ్రాములు, కొన్నిసార్లు అంతకు మించి కూడా ఇలా వేస్తారు.

హాప్స్‌లో ఈ పండ్ల గుణం మొదటి నుంచీ అందరూ కోరుకున్నది కాదు. అమెరికాలోని ఒరెగాన్‌లో అభివృద్ధి చేసి 1972లో విడుదల చేసిన కాస్కేడ్ అనే రకం నారింజ జాతి తొక్కల వాసన ఇచ్చేది. 1980లో సియెర్రా నెవాడా అనే అమెరికన్ బ్రూవరీ వారు దానితో పేల్ ఏల్ అనే రకం బీరు చేశాక ఆ వాసనకు అభిమానులు పెరిగారు. ఆ తరువాత సిమ్కో, సిట్రా, మొజాయిక్, గెలాక్సీ వంటి రకాలు వచ్చి మామిడి, జామ, పైనాపిల్ వాసనల దాకా తీసుకువెళ్లాయి.

ఇక్కడ నాకు గట్టి అభిప్రాయం ఒకటి ఉంది. మెనూ కార్డు మీద రాసిన పండ్ల పేర్లను మీరు వెతకవద్దు. ప్యాషన్‌ఫ్రూట్‌ను మన ఊళ్లలో ఎంతమంది చేతితో కోసి తిన్నారు? తినని పండు వాసనను గ్లాసులో పట్టుకోవాలని ప్రయత్నించి, అది దొరకక, తన ముక్కు మంచిది కాదని అనుకునేవారిని చాలామందిని చూశాను. మన ముక్కుకు తెలిసిన వాసనలతో మొదలుపెడితే ఆ ఇబ్బంది ఉండదు. పైగా ఇవి ఉత్త పోలికలు కావు, చాలా సందర్భాల్లో రెండు చోట్లా ఉన్నది అదే పదార్థం.

ధనియాలను అరచేతిలో నలిపి వాసన చూడండి. అందులో ప్రధానంగా ఉండే లినలూల్ హాప్స్ నూనెలోనూ ఉంటుంది, తేలికైన పూల వాసనగా తగులుతుంది. మిరియాల ఘాటు వాసనలో ఉండే కారియోఫిలిన్ కూడా హాప్స్‌లో ఉంది. మామిడికాయను తొడిమ దగ్గర విరిచినప్పుడు సొన కారుతుంది కదా, ఆ సొన వాసన గుర్తు చేసుకోండి. తియ్యటి పండు వాసన కాకుండా, బంక వంటి, పచ్చి, కాస్త కిరోసిన్‌ను తలపించే ఘాటు అది. హాప్స్ నూనెలో పెద్ద భాగమైన మిర్సీన్ మామిడిలోనూ ఉంటుంది. విదేశీ రుచి నిపుణులు పైన్ చెట్టు బంక అని రాసే చోట నేను మామిడి సొన అని రాసుకుంటాను, అది నాకు ఎప్పుడూ తప్పు చెప్పలేదు. కొల్లాపూర్ వైపు మామిడి తోటల్లో కాయలు దింపే రోజుల్లో ఒక పూట నిలబడినవారికి ఈ వాసన జీవితాంతం గుర్తుంటుంది. మాగిన మామిడి వాసన వేరు, సొన వాసన వేరు. మంచి హేజీ ఐపీఏలో రెండూ ఉండవచ్చు, కానీ నోట్సులో రెండింటినీ విడివిడిగా రాయాలి.

గ్రేప్‌ఫ్రూట్ అన్న చోట పంపరపనసను తలచుకోండి, రెండూ చాలా దగ్గరి చుట్టాలు. జామ విషయంలో సంబంధం ఇంకా దగ్గరిది. ఎర్రజామకు ఆ ప్రత్యేకమైన వాసన ఇచ్చే గంధకపు పదార్థాలు, థయోల్స్ అంటారు, కొన్ని హాప్స్‌లో కూడా ఉంటాయి. అతి తక్కువ మోతాదులో అవి జామగా, పంపరపనసగా తోస్తాయి. మోతాదు మించితే చెమటగా, పిల్లి మూత్రంగా తోస్తాయి. కొన్ని హాప్స్‌లో మరికొన్ని గంధకపు పదార్థాల వల్ల పచ్చి ఉల్లిపాయ, వెల్లుల్లి వాసన కూడా వస్తుంది. అది నాకు నచ్చదు, కానీ అది ఉన్నంత మాత్రాన బీరు పాడైందని రాయను, ఎంత ఉందో రాస్తాను.

బత్తాయి గురించి కొంచెం విస్తారంగా చెప్పాలి. మా తోటలో కాయ కోసేటప్పుడు గోరు తగిలి తొక్క చిట్లితే సన్నటి తుంపర పైకి లేచేది. ఎండలో ఆ తుంపర ఒక్క క్షణం మెరిసి, ముక్కుకు తీపీ ఘాటూ కలిసి తగిలేవి. కొత్తగా వచ్చిన సహోద్యోగులకు సిట్రస్ వాసన నేర్పించడానికి నేను అదే చేయించేవాడిని. సాదా లాగర్ బీరు (మామూలుగా దొరికే తేలికపాటి రకం) రెండు గ్లాసుల్లో పోసి, ఒక గ్లాసు మీద బత్తాయి తొక్క ముక్కను రెండు వేళ్ల మధ్య మడిచి నొక్కితే, నూనె తుంపర నురుగు మీద పడుతుంది. ఇంకో గ్లాసులో బత్తాయి రసం నాలుగు చుక్కలు వేయాలి. రెండింటినీ వాసన చూస్తే తొక్క వాసనకూ రసం వాసనకూ ఎంత దూరమో అప్పుడే తెలుస్తుంది. హాప్స్ సాధారణంగా ఇచ్చేది తొక్క వాసన. రసంలోని తీపి, పులుపు హాప్స్ ఇవ్వలేవు. ఆ తీపి బీరులో ఉంటే అది మాల్ట్ (మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీ) నుంచి వచ్చినది, పులుపు ఉంటే అది వేరే కథ. ఈ పరీక్షకు ఖర్చయ్యేది ఒక బత్తాయి, ఒక బీరు. మీరు మళ్లీ ఐపీఏ తాగే ముందు ఇది ఒకసారి చేసి చూడమని నా విన్నపం.

పండు వాసన కృత్రిమంగా ఉందేమో అన్న సందేహం మీ ప్రశ్నలో లేకపోయినా చాలామంది అడుగుతారు కనుక ఒక గుర్తు చెబుతాను. ఎసెన్స్ కలిపిన బీరులో వాసన సాధారణంగా చాక్లెట్ బిళ్లలాగా ఒకే స్వరంలో, మొదటి గుక్క నుంచి గ్లాసు అడుగు దాకా అలాగే ఉంటుంది. హాప్స్ వాసన గ్లాసు వెచ్చబడే కొద్దీ మారుతుంది. మొదట తొక్క, తరువాత పండు, చివర్లో సొన, గడ్డి.

ఇప్పుడు చేదు. మీ ప్రశ్నకు ప్రాణం ఇక్కడే ఉంది. మీరు రాసిన వాక్యంలో రెండు వేర్వేరు ఫిర్యాదులు ఉన్నాయి: కాకరకాయ చేదు ఒకటి, గొంతులో గీరుకోవడం రెండోది. చేదు, వగరు, ఘాటు అని మనకు మూడు మాటలు విడివిడిగా ఉన్నాయి. బీరు విషయంలో ఈ మూడింటినీ చేదు అనే ఒక్క మాటలో కలిపేస్తే మార్కులు తప్పుతాయి.

చేదు నాలుక మీద తెలిసే రుచి. దానికి ఐబీయూ అనే కొలత ఉంది. లీటరు బీరులో ఒక మిల్లీగ్రాము చేదు ఆమ్లం ఉంటే సుమారుగా ఒక ఐబీయూ. అంతర్జాతీయంగా బీరు న్యాయనిర్ణేతలు వాడే బీజేసీపీ మార్గదర్శకాల ప్రకారం మామూలు అమెరికన్ లాగర్‌కు 8 నుంచి 18, అమెరికన్ ఐపీఏకు 40 నుంచి 70, హేజీ ఐపీఏకు 25 నుంచి 60. లాగర్ తాగిన అలవాటుతో ఐపీఏ ముందు కూర్చున్నవారికి మూడు నాలుగు రెట్ల చేదు ఒక్కసారిగా తగలడం సహజం, అందులో మీ తప్పూ లేదు, బీరు తప్పూ లేదు. అయితే ఈ అంకెలు చేదు ఎంత ఉందో చెబుతాయి గానీ ఎలా తగులుతుందో చెప్పవు. 50 ఐబీయూ ఉన్నా మాల్ట్ తీపి దన్నుగా ఉంటే మెత్తగా తోస్తుంది, 30 ఉన్నా తీపి లేని పలుచని బీరులో పదునుగా తోస్తుంది. నేను చేదును అది ఎలా వచ్చిందన్న దానికన్నా ఎలా వెళ్లిపోయిందన్న దానిని బట్టి తూస్తాను. మింగిన తరువాత లోలోపల అంకెలు లెక్కపెట్టుకోండి. పది పదిహేను లెక్కించేలోగా చేదు తగ్గుముఖం పట్టి నోరు శుభ్రమై, ఇంకో గుక్క కావాలనిపిస్తే ఆ చేదు చక్కగా ఉన్నట్టు. ఉసిరికాయ నమిలాక నోరు ఎలా తేటపడుతుందో అలాగన్నమాట. అరనిమిషం దాటినా నాలుక వెనుక అతుక్కుని, పెరుగుతూ పోతే అది మొరటు చేదు, దానికి మార్కులు తగ్గించాలి. వేపుడులోని కాకరకాయకూ, ఉప్పు వేసి పిండకుండా వండిన కాకరకాయకూ మధ్య ఉన్న తేడా వంటిది ఇది.

వగరు రుచి కాదు, అదొక స్పర్శ. వక్క నమిలినప్పుడు, నేరేడు పండు తిన్నప్పుడు, జామ పిందె కొరికినప్పుడు నాలుక ఎండి ముడుచుకున్నట్టు అవుతుంది. బీరులో ఇది హాప్స్ ఆకుల నుంచో, మాల్ట్ పొట్టు నుంచో దిగిన పాలీఫినాల్స్ వల్ల వస్తుంది. ఇక గొంతులో గీరుకోవడమంటే, నా అంచనా ప్రకారం, మా పనివాళ్లు హాప్ బర్న్ అనే లక్షణం. డ్రై హాపింగ్ భారీగా చేసి, హాప్స్ పొడి రేణువులు అడుగుకు దిగకముందే ట్యాంకులోంచి వడ్డిస్తే ఆ మంట వస్తుంది. మరో వారం పది రోజులు చల్లగా ఆగితే చాలా వరకు తగ్గుతుంది. ఇది చేదులో భాగం కాదు, ఇది తొందరపాటు వల్ల వచ్చిన లోపం. కాబట్టి మీ రెండు ఫిర్యాదుల్లో మొదటిది చాలా వరకు ఆ రకం బీరుకు సహజమైన గుణం, రెండోది నిజమైన లోపం. మీ స్నేహితుడు రెండోదానిని గమనించి ఉండవలసింది.

నీళ్ల గురించి ఒక్క మాట, నల్లగొండవాడినై ఉండి నీళ్ల ఊసు ఎత్తకుండా ఉండలేను. ఫ్లోరైడ్ తొలగించే పద్ధతికి మన జిల్లా పేరే పెట్టేంతగా నీళ్లతో ఇబ్బంది పడ్డవాళ్లం. నీటిలోని లవణాలు రుచిని ఎంత మారుస్తాయో ఊరికో బోరు నీళ్లు తాగి పెరిగినవారికి వేరే చెప్పనవసరం లేదు. బీరు నీటిలో సల్ఫేటు ఎక్కువైతే హాప్స్ చేదు పదునుగా, పొడిగా తగులుతుంది. క్లోరైడు ఎక్కువైతే బీరు గుండ్రంగా, మెత్తగా అనిపిస్తుంది. ఇంగ్లండులోని బర్టన్ పట్టణపు బావి నీళ్లలో సల్ఫేటు ఎక్కువ కావడం వల్లనే 1820ల నుంచి అక్కడివారు భారతదేశానికి పంపిన పేల్ ఏల్‌కు అంత పేరు వచ్చింది. ఐపీఏ పేరులో ఇండియా ఉన్నది ఆ ఎగుమతి వల్లనే. హేజీ రకానికి మాత్రం క్లోరైడు వైపు మొగ్గు ఉంచుతారు. చేదు మరీ కోసుకుపోతున్నట్టుంటే హాప్స్‌నే అనుమానించకుండా నీళ్లను కూడా అనుమానించాలి.

రుచి చూసే పద్ధతికి వద్దాం. ముందు పూట కారం తినకూడదు. పచ్చిమిరపకాయ తొక్కుతో అన్నం తిని వచ్చిన నోటికి గంట రెండు గంటలపాటు ఏ బీరూ సరిగా తెలియదు. నంజుకోవడానికి గుడాలు, వేయించిన పల్లీలు పెట్టుకుంటే కబుర్లకు బాగుంటుంది, మార్కులకు పనికిరాదు. ఉప్పులేని మరమరాలూ మంచినీళ్లూ చాలు. గ్లాసును సబ్బుతో కడిగి సరిగా తొలవకపోతే నురుగు నిలవదు, వాసన చెడుతుంది. బీరు పోశాక లోపలి గోడకు బుడగలు గుంపులుగా అతుక్కుని ఉంటే ఆ గ్లాసు శుభ్రంగా లేదని అర్థం, మర్యాదగా వేరే గ్లాసు అడగండి. ఒకసారి ఒక చోట, ఇద్దరం ఒకే బీరుకు పూర్తిగా వేర్వేరు మార్కులు వేసి, గ్లాసులు మార్చుకుని చూస్తే తేడా బీరులో కాక గ్లాసులో ఉందని తేలింది. ఫ్రిజ్‌లోంచి తీసిన నాలుగు డిగ్రీల చలిలో పండ్ల వాసన బిగుసుకుపోయి ఉంటుంది, చేదు ఒక్కటే ముందుకు వస్తుంది. 7 నుంచి 10 డిగ్రీల మధ్య తాగితే రెండూ సమంగా తెలుస్తాయి. అంటే మన ఎండాకాలంలో గ్లాసులో పోశాక నాలుగైదు నిమిషాలు ఆగితే చాలు.

పోయగానే మొదట వాసన, రంగు తరువాత. నూనెల్లో తేలికైనవి మొదటి నిమిషంలోనే ఎగిరిపోతాయి. గ్లాసులో సగానికి మించి పోయకుండా, మెల్లగా తిప్పి, చిన్న చిన్నగా రెండు మూడు సార్లు పీల్చి, ముక్కు తీసేసి, ఏమి గుర్తొచ్చిందో రాయాలి. ఎక్కువసేపు పీలిస్తే ముక్కు అలవాటుపడి మొద్దుబారుతుంది. అలా అనిపిస్తే సొంత మోచేతి మడతను వాసన చూసి మళ్లీ గ్లాసు దగ్గరకు రావాలి. తరువాత చిన్న గుక్క తీసుకుని, నోరంతా తిప్పి, మింగి, నోరు మూసుకుని ముక్కుతో గాలి వదలండి. పండు అసలు రుచి ఆ గాలిలోనే తెలుస్తుంది. ద్రాక్షసారా పరీక్షించేవారు ఉమ్మేస్తారు, బీరుకు అది కుదరదు, మింగితేనే చేదు ఎలా ముగిసిందో తెలుస్తుంది. అందుకే పరిమాణం తక్కువ ఉండాలి. ఒక కూర్చోవడంలో మూడు నాలుగు రకాలు, ఒక్కొక్కటి అరవై నుంచి తొంభై మిల్లీలీటర్లు, తేలికైనది ముందు, చేదైనది చివర. తెలంగాణలో 21 ఏళ్లు నిండినవారికే ఇది వర్తిస్తుంది. ఆ రాత్రి విజయవాడ హైవే మీద బండి నడుపుకుంటూ ఇంటికి రావలసి ఉంటే మాత్రం రుచి చూడటం మరో రోజుకు వాయిదా వేయండి.

పక్కవారితో మాట్లాడకముందే రాయాలన్నది నేను అన్నింటికన్నా గట్టిగా పట్టుబట్టే నియమం. ఒకరు మామిడి అనగానే మిగిలినవారందరి ముక్కులకూ మామిడే తగులుతుంది.

ఇదంతా విని, ఇంత సూక్ష్మం మన వల్ల కాదని అనుకోవద్దు. మా నాన్న కల్లు లొట్టి మూతి దగ్గర ముక్కు పెట్టి, అది ఆ పొద్దుటిదో ముందురోజు సాయంత్రం మిగిలినదో తాగకుండానే చెప్పేవారు. ఈతకల్లుకూ తాటికల్లుకూ తేడా కళ్లు మూసుకుని చెప్పగలిగేవారు మన ఊళ్లలో ఇప్పటికీ ఉన్నారు. తెల్లవారి దించిన కల్లు తీపి మధ్యాహ్నానికి పులుపు తిరుగుతుందని తెలిసిన ముక్కుకు బీరు తాజాదనం కనిపెట్టడం కష్టమేమీ కాదు. కావలసినది మాటలు రాసుకునే అలవాటు.

తాజాదనం మాట వచ్చింది కనుక ఇది చెప్పాలి. హాప్స్ బీరు ఎండకూ వేడికీ తట్టుకోలేదు. ఒక ఏడాది మే నెలలో బెంగళూరు నుంచి ఒకే బ్యాచ్ ఐపీఏ సీసాలు ఆరు తెచ్చాను. రెండు ఫ్రిజ్‌లో పెట్టి, మిగిలినవి చోటు లేక తోటలోని రేకుల షెడ్డులో అట్టపెట్టెలో ఉంచాను. మూడు వారాల తరువాత రెండు రకాలనూ పక్కపక్కన పోశాను. ఫ్రిజ్‌లోది ఇంకా పంపరపనస తొక్కలా గుప్పుమంది. షెడ్డులోది ఒక ఛాయ ముదిరి, తేనె వాసన, దాని వెనుక తడిసిన అట్ట వాసన ఇచ్చింది. పండు ఆనవాలు లేదు, చేదు మాత్రం మొరటుగా మిగిలింది. ప్రాణవాయువు వేడితో కలిసి చేసిన పని అది. 32 డిగ్రీల వేడిలో మూడు రోజులు, 22 డిగ్రీల్లో ముప్పై రోజులు, 3 డిగ్రీల్లో మూడు వందల రోజులు దాదాపు సమానమని బీరు పరిశ్రమలో ఒక మోటు లెక్క ఉంది. షెడ్డులో ఆ వేసవి ఎంత వేడి ఉంటుందో మీకు తెలుసు. వెలుతురు వల్ల వచ్చే చెడు ఇంకొకటి. ఆకుపచ్చ లేదా తెల్ల సీసా బీరు ఎండలో కొద్దిసేపు ఉన్నా హాప్స్ చేదు పదార్థం విరిగి కుళ్లు గంధకపు వాసన పుడుతుంది. గోధుమరంగు సీసా కొంత కాపాడుతుంది, డబ్బా పూర్తిగా కాపాడుతుంది. అందుకే బీరు కొనేటప్పుడు నేను పేరు కన్నా ముందు తయారీ తేదీ చూస్తాను.

మార్కుల విషయంలో పదికి వేసే పద్ధతిని నేను వాడను. పదికి ఏడు అంటే ఎందుకు ఏడో వేసినవారికే రేపు గుర్తుండదు. బీజేసీపీ పత్రంలో మొత్తం 50: వాసనకు 12, కంటికి కనిపించే తీరుకు 3, రుచికి 20, నోట్లో చిక్కదనం, స్పర్శకు 5, మొత్తం మీద కలిగిన అభిప్రాయానికి 10. రంగుకూ నురుగుకూ కలిపి మూడే ఉండటం గమనించండి. ఫొటో చూసి తొమ్మిది వేసేవారికి ఇది మంచి మందు. 45 గానీ అంతకు మించి గానీ వస్తే అసాధారణం, 38 నుంచి 44 శ్రేష్ఠం, 30 నుంచి 37 చాలా బాగుంది, 21 నుంచి 29 బాగుంది, 14 నుంచి 20 ఫరవాలేదు, 13 లోపు సమస్య ఉన్నట్టు.

నేను ఈమధ్య హైదరాబాద్‌లో తాగిన ఒక హేజీ ఐపీఏకు రాసుకున్న పత్రం నుంచి చెబుతాను. వాసన: మొదట బత్తాయి తొక్క, వెంటనే మాగిన జామ, గ్లాసు వెచ్చబడ్డాక మామిడి సొన, మాల్ట్ వాసన చాలా తక్కువ, అది ఈ రకానికి సరిపోతుంది, చివర్లో పచ్చి ఉల్లి ఛాయ. 12కు 10. కనిపించే తీరు: మబ్బుపట్టిన లేత నారింజ, ఓట్స్, గోధుమల మాంసకృత్తుల వల్ల వచ్చిన మసక, తెల్లటి నురుగు చివరిదాకా గోడకు గీతలు కట్టింది. 3కు 3. రుచి: ముందు జామ, పంపరపనస, వెనుక బ్రెడ్డు తీపి, చేదు మధ్యస్థం, కానీ మింగాక ఇరవై లెక్కించినా పూర్తిగా పోలేదు. 20కి 14. స్పర్శ: సీతాఫలం గుజ్జులా మెత్తగా మొదలై, గొంతులో కొద్దిగా గీరింది. 5కు 3. మొత్తం అభిప్రాయం: తొందరపడి వడ్డించిన మంచి బీరు, వారం ఆగితే ఇంకా బాగుండేది. 10కి 7. మొత్తం 37. ఇంత రాశాక కింద వేరే గీతలో నా ఇష్టాన్ని రాసుకున్నాను: రెండో గ్లాసు తాగను, ఎందుకంటే నాకు చేదు కాస్త పొడిగా ముగిసే పాత రకం అమెరికన్ ఐపీఏ ఇష్టం. ఆ గీత వల్ల 37లో ఒక్క మార్కు కూడా తగ్గలేదు.

లోపాల్లో తరచుగా ఎదురయ్యేవి కొన్నింటిని గుర్తుపెట్టుకుంటే చాలు. వెన్న లేదా సినిమాహాలు పాప్‌కార్న్ వాసన వస్తే డైఅసిటైల్. డ్రై హాపింగ్ తరువాత హాప్స్‌లోని ఎంజైములు మళ్లీ పులియడం మొదలుపెట్టించడం వల్ల హాప్స్ బీర్లలో ఇది ఎక్కువగా వస్తుంది. ఉడికించిన మొక్కజొన్న కంకి వాసన వస్తే మరిగించడం చాలలేదు. కోసిన పచ్చి ఆపిల్ వాసన వస్తే ఈస్ట్ పని ముగియకముందే తీశారు. నిలవ కల్లులా వెనిగర్ పులుపు తగిలితే కుళాయి గొట్టాలు శుభ్రం చేయక చాలా రోజులైంది, ఆ గ్లాసును పక్కన పెట్టేయవచ్చు.

ఇక మీ నాలుగు గురించి. మీరు రాసినదానిని బట్టి వాసన మీకు నచ్చింది, కాబట్టి అక్కడ 12కు 9 అయినా పడాలి. చేదు ఆ రకానికి తగినదే అయితే దానికి కోత లేదు. గొంతు గీరుకున్నందుకు స్పర్శలో రెండు, రుచిలో రెండో మూడో, మొత్తం అభిప్రాయంలో ఒకటో రెండో పోతాయి. అంటే 50కి 40 దగ్గర నిలుస్తుంది, శ్రేష్ఠం అన్న తరగతిలో పడుతుంది. మీ స్నేహితుడి తొమ్మిదిని ఇదే పత్రంలోకి మారిస్తే 45 కావాలి, గొంతు గీరే బీరుకు అది దక్కదు. ఇద్దరూ మళ్లీ అక్కడికి వెళ్లినప్పుడు ఆ ట్యాంకు ఎన్నో తేదీన తెరిచారో అడిగి, అదే బీరును చిన్న గ్లాసుల్లో తెప్పించుకుని, పత్రాలు ఒకరికొకరు చూపించుకోకుండా నింపండి. మొదటి గుక్కకు ముందు ఒక బత్తాయి తొక్కను వాసన చూడటం మరిచిపోవద్దు, కాయను జేబులో వేసుకు వెళ్లినా అక్కడ ఎవరూ అభ్యంతరం చెప్పరు.